ప్రారంభోత్సవం తరవాత నీళ్లెవరు పోస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ప్రకృతిని ఇతివృత్తంగా తీసుకుని బహిరంగ ప్రదేశాల్లో కళాకారులు రూపొందిస్తున్న ఇన్‌స్టలేషన్ల (ఒక స్థలంలో అమర్చి నిలిపే కళాకృతుల) గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. అయితే ప్రతి కళాకృతి పక్కనా ఒక్క కళాకారుడి పేరే కనిపించింది తప్ప, ఆ పనిలో చెయ్యి వేసిన ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు, రైతులు, తోటమాలులు, ఆ చుట్టుపక్కల నివసించే జనం ఎక్కడా కనిపించలేదు. స్థలాభావం వల్ల వదిలేశారేమో తెలియదు కాని, నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. మనుషులను ప్రకృతికి దగ్గర చేస్తానని చెప్పుకునే కళాకృతి ఆ పని నిజంగా చేసిందా, లేక కొన్నాళ్లు ఫొటోలకు నేపథ్యంగా నిలిచి పోయిందా అన్నది చాలా వరకు ఈ పేరులేని భాగస్వాముల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడవుగా రాస్తున్నాను, మన్నించగలరు.

క్రొయేషియాలో ఏడ్రియాటిక్ సముద్ర తీరాన ఉన్న జాదర్ నగరం రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడులకు బాగా దెబ్బతిన్నది. యుద్ధం తరవాత హడావిడిగా జరిగిన పునర్నిర్మాణంలో ఒడ్డు పొడవునా మిగిలింది వట్టి కాంక్రీటు. 2005లో వాస్తుశిల్పి నికోలా బాషిచ్ అక్కడ సముద్రంలోకి దిగే వెడల్పాటి రాతి మెట్లు కట్టించాడు. సుమారు 70 మీటర్ల పొడవున్న ఆ మెట్ల కింద 35 గొట్టాలు ఉన్నాయి. అల వచ్చి గొట్టం మూతిలోకి చొరబడినప్పుడు లోపలి గాలిని వెనక్కి నెడుతుంది; ఆ గాలి ఈల వంటి అమరిక గుండా దూరి, పైమెట్లలో తొలిచిన రంధ్రాల నుంచి స్వరమై బయటికి వస్తుంది. గొట్టాలను ఐదేసి చొప్పున ఏడు వరుసలుగా అమర్చి, ఒక్కొక్క వరుసలోని స్వరాలు ఒకదానితో ఒకటి కలిసేలా శ్రుతి చేశారు గనుక, ఏ అల ఏ గొట్టంలో దూరినా అపశ్రుతి పుట్టదు. సముద్రం నిమ్మళంగా ఉన్నప్పుడు ఒక తీరుగా, గాలి లేచినప్పుడు మరో తీరుగా మోగుతుంది. పెద్ద ఓడ ఏదైనా అటుగా వెళితే, అది దాటిపోయిన కాసేపటికి దాని అలలు ఒడ్డుకు చేరి మెట్ల కింద ఒక్కసారిగా స్వరాల జోరు పెరుగుతుంది.

నీటి గతి తెలిసిన ఇంజనీరు, శ్రుతి తెలిసిన ధ్వని నిపుణుడు, చర్చిలలో ఉండే ఆర్గన్ల గొట్టాలు తయారుచేసే పనివారు కలిస్తేనే ఇది సాధ్యమైంది. వీరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ మెట్లు మౌనంగానే ఉండేవి, లేదా చెవులు మూసుకునేలా మోగేవి. ఇక నన్నడిగితే, అందులో అన్నిటికంటే మంచి నిర్ణయం స్వరాలకు సంబంధించింది కాదు. జనం కూర్చోవడానికి మెట్లు కట్టడం. కూర్చున్నవారికి చూడటానికి విగ్రహమంటూ ఏమీ లేదు గనుక, చూపు తనంత తాను నీళ్ల మీదకే పోతుంది. నేను మెచ్చే బహిరంగ కళాకృతుల్లో చాలా వాటి లక్షణం ఇదే: తన వైపు చూడమనదు, తాను చూపించే వైపు చూడమంటుంది.

జాదర్‌లో కలిసి పనిచేసినది నిపుణులు. జర్మనీలోని కాసెల్‌లో కలిసి పనిచేసినది మొత్తం ఊరు. 1982లో డొక్యుమెంటా అనే కళా ప్రదర్శన కోసం యోసెఫ్ బోయిస్ అనే కళాకారుడు ఆ నగరంలో 7,000 ఓక్ చెట్లు నాటాలని సంకల్పించాడు. మ్యూజియం ముందరి పచ్చికలో 7,000 బసాల్టు రాళ్లు గుట్టగా పోయించి ఒకే ఒక్క షరతు పెట్టాడు: ఎక్కడైనా ఒక మొక్క నాటితేనే ఆ గుట్టలోంచి ఒక రాయి కదలాలి, ఆ రాయి ఆ మొక్క పక్కనే పాతిపెట్టాలి. నగరం నడిబొడ్డున పడి ఉన్న ఆ నల్లరాళ్ల గుట్ట చాలామందికి కంటగింపుగా ఉండేది. అది తరిగిపోవాలంటే మొక్కలు నాటడం తప్ప వేరే దారి లేదు. సణుగుడును సాగుబడిలోకి మళ్లించిన ఈ ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. ఎక్కడ నాటాలో వీధుల వాళ్లు, బడుల వాళ్లు, పేటల సంఘాల వాళ్లు సూచించారు. ఒక్కో చెట్టుకూ రాయికీ అయ్యే ఖర్చును దాతలు భరించారు. పని పూర్తి కావడానికి ఐదేళ్లు పట్టింది. బోయిస్ 1986 జనవరిలో చనిపోయాడు. చివరి చెట్టును 1987లో, తరవాతి డొక్యుమెంటా సమయంలో, ఆయన కుమారుడు నాటాడు. కళాకారుడు పోయినా కళాకృతి ఆగకుండా పూర్తయిందంటే, అది అప్పటికే ఆయన ఒక్కడి సొత్తు కాకుండా పోయిందన్నమాట.

నాటినప్పుడు మొక్కకంటే రాయే బలంగా కనిపించేది. రాయి అంతే ఉంది, చెట్టు పెరిగింది. ఇప్పుడు ఆ వీధుల్లో నడిచేవారికి రాయి చెట్టు మొదట్లో ఒదిగిన చిన్న గుర్తుగా మాత్రమే కనిపిస్తుంది. ఇంత కాలం గడిచినా ఆ చెట్లు నిలబడి ఉన్నాయంటే నగర ఉద్యానవన శాఖ వాటి బాగోగులు చూస్తూ ఉండటమే కారణం. ఎండిపోయిన చెట్టు స్థానంలో మరో చెట్టు నాటేవారు, కొమ్మలు కత్తిరించేవారు, రోడ్డు తవ్వేటప్పుడు వేళ్లు తెగకుండా అడ్డుపడేవారు ఈ కళాకృతికి సహకళాకారులు కాకపోతే మరెవరు?

శాస్త్రజ్ఞులను ఇటువంటి పనుల్లోకి పిలిచేటప్పుడు సాధారణంగా ఒక పొరపాటు జరుగుతుంది. కళాకారుడు అంతా నిర్ణయించేశాక, చివర్లో ఒక సంతకం కోసం, ఒక ధ్రువపత్రం కోసం వారి దగ్గరకు వెళతారు. దీనికి పూర్తిగా భిన్నంగా నడిచిన పని అమెరికాలో కళాకారుడు మెల్ చిన్ చేసిన ‘రివైవల్ ఫీల్డ్’. కొన్ని రకాల మొక్కలు నేలలోని కాడ్మియం, జింకు వంటి భారలోహాలను వేళ్ల ద్వారా పీల్చుకుని ఆకుల్లోకి, కాండాల్లోకి చేర్చుకుంటాయన్న సంగతి తెలుసుకుని, ఆ విషయం మీద పనిచేస్తున్న వ్యవసాయ శాస్త్రజ్ఞుడు రూఫస్ చేనీని ఆయన వెతుక్కుంటూ వెళ్లాడు. చేనీ దగ్గర ఆలోచన ఉంది, దాన్ని పొలంలో పరీక్షించే అవకాశం మాత్రం రాలేదు. ఇద్దరూ కలిసి 1991లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ దగ్గర విషపదార్థాలతో పాడైన ఒక పాత చెత్తదిబ్బ మీద కంచె వేసి, వృత్తాకారంలో మళ్లు కట్టి, రకరకాల మొక్కలు పెంచారు. మొక్కలు కోసి పరీక్షిస్తే కొన్ని రకాలు లోహాలను గణనీయంగా పీల్చుకున్నట్టు తేలింది.

దూరం నుంచి చూసేవారికి అక్కడ కనిపించేది కంచె, దాని లోపల మొక్కలు, అంతే. అసలు ఇది కళేనా అన్న అనుమానం ప్రభుత్వ కళా నిధికి కూడా వచ్చింది. మంజూరు చేసిన సాయాన్ని దాని అధ్యక్షుడు మొదట నిలిపివేసి, చిన్ స్వయంగా వెళ్లి వాదించాక పునరుద్ధరించాడు. ఆ అనుమానం అర్థం చేసుకోదగినదే. అయినా ఒక శిల్పి ఉలితో రాతిలోని అక్కరలేని భాగాన్ని తీసివేసినట్టుగా, ఇక్కడ మొక్కలు నేలలోని అక్కరలేని లోహాన్ని తీసివేస్తున్నాయన్న చిన్ ఊహ నాకు సమంజసంగానే తోస్తుంది. ఇంకో విశేషం, ఈ జట్టులో ఎవరు ఎవరికి సాయపడ్డారో చెప్పడం కష్టం. శాస్త్రజ్ఞుడికి పొలం దొరికింది, కళాకారుడికి ముడిసరుకు దొరికింది.

చైనాలోని చెంగ్డూ నగరంలో 1998లో తయారైన ‘లివింగ్ వాటర్ గార్డెన్’ కూడా ఈ కోవకే చెందుతుంది. అమెరికా కళాకారిణి బెట్సీ డామన్ స్థానిక అధికారులు, జల నిపుణులు, ఉద్యాన రూపకర్తలతో కలిసి, కలుషితమైన నదిలోంచి తోడిన నీరు దశలవారీగా శుభ్రపడుతూ వెళ్లే విధంగా ఒక చేప ఆకారంలో ఆ ఉద్యానాన్ని రూపొందించింది. నీరు మొదట ఒక చెరువులో తేరుకుంటుంది. తరవాత దొన్నెల వంటి రాతి తొట్లలో ఒకదానిలోంచి మరొకదానిలోకి సుడులు తిరుగుతూ దిగి గాలిని కలుపుకుంటుంది. ఆపైన నీటిమొక్కలు పెంచిన మడుగుల గుండా ప్రవహించి, చివరికి పిల్లలు చేతులు పెట్టి ఆడుకునేంత తేటగా వస్తుంది. ఇంత చిన్న తోట నది మొత్తాన్ని శుభ్రం చేయలేదు, ఆ ఉద్దేశంతో కట్టిందీ కాదు. మురికినీటి శుద్ధి అంటే ఊరి బయట గోడల వెనక ఎవరూ చూడని చోట జరిగే వ్యవహారమనుకునే నగరవాసికి, నీరు ఎలా బాగుపడుతుందో అడుగడుగునా నడుస్తూ చూసే అవకాశం కలిగించడం దాని ఉద్దేశం. ఒక్క కళాకారిణి గీసిన బొమ్మతో ఇది కాదు, ఒక్క ఇంజనీరు వేసిన లెక్కతోనూ కాదు.

రైతుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జపాన్‌లో నీగతా ప్రాంతంలోని కొండపల్లెల్లో, యువతరం నగరాలకు వెళ్లిపోయి ముసలివాళ్లే మిగిలిన చోట, 2000లో ఎచిగో-త్సుమారి కళా ఉత్సవం మొదలైంది. మూడేళ్లకోసారి జరిగే ఈ ఉత్సవానికి దర్శకుడు ఫ్రామ్ కితగావా. కళాకారులైన ఇల్యా, ఎమీలియా కబకోవ్ దంపతులు ఆ తొలి ఉత్సవానికి అక్కడి మెట్ల వరిమళ్లలో దుక్కి దున్నడం, విత్తనం చల్లడం, నాట్లు వేయడం, కోత కోయడం, ధాన్యాన్ని పట్నానికి చేర్చి అమ్మడం వంటి పనులు చేస్తున్న మనుషుల రంగుల ఆకృతులు నిలిపారు. ఎదురుగా ఉన్న మంటపంలో నిలబడి చూస్తే గాలిలో వేలాడే అక్షరాలు, వాటి వెనక ఆ మళ్లు, మళ్లలో ఆ ఆకృతులు ఒకే చిత్రంగా కలిసిపోతాయి. ఆ మళ్ల యజమాని మొదట ఒప్పుకోలేదు. పెద్దల నాటి నుంచి వస్తున్న భూమిలో ఎవరో వచ్చి బొమ్మలు పెడతామంటే ఏ రైతు మాత్రం వెంటనే సరేనంటాడు? పైగా ఆయన వయసు మీదపడి సాగు మానేద్దామన్న ఆలోచనలో ఉన్నాడు. కబకోవ్‌లు ఏం చేయదలచుకున్నారో, తన శ్రమనే అది చూపిస్తుందని తెలిశాక అంగీకరించాడు, మరికొన్నేళ్లు సాగు కొనసాగించాడు. ఆయన చేయలేని స్థితి వచ్చాక ఉత్సవ నిర్వాహకులే ఆ మళ్లలో వరి పండించే బాధ్యత తీసుకున్నారు. ఎందుకంటే మళ్లు బీడు పడితే కళాకృతి లేదు. కళ పేరుతో ఒక సంస్థ నాట్లు వేయడానికి, కలుపు తీయడానికి కట్టుబడింది!

ఇక ఎదురు ఉదాహరణ. 2021 జులైలో లండన్‌లోని మార్బుల్ ఆర్చ్ పక్కన వెస్ట్‌మినిస్టర్ నగర మండలి 25 మీటర్ల ఎత్తయిన కృత్రిమ కొండను టికెట్టు పెట్టి ప్రారంభించింది. ఇనుప పరంజా మీద మట్టి, పచ్చిక, చెట్లు అమర్చి, కోవిడ్ దెబ్బకు జనం తగ్గిన వ్యాపార వీధికి తిరిగి జనాన్ని రప్పించాలన్నది ఆలోచన. ముందుగా విడుదల చేసిన చిత్రాల్లో దట్టమైన పచ్చదనం ఉంది. వెళ్లినవారికి అక్కడక్కడ పలచని పచ్చిక, బక్కచిక్కిన మొక్కలు కనిపించాయి. కొన్ని భాగాలు సందర్శకులకు ఇంకా సిద్ధం కాలేదని మండలే ఒప్పుకుని రెండు రోజుల్లో టికెట్ల అమ్మకం ఆపేసింది. తరవాత ఉచిత ప్రవేశం కల్పించింది. 2022 జనవరిలో కొండను మూసివేశారు. మొదట సుమారు 33 లక్షల పౌండ్లనుకున్న ఖర్చు 60 లక్షలకు చేరింది. రోడ్డు దాటితే హైడ్ పార్కు, అందులో నిజమైన చెట్లు.

ఆ కొండను రూపొందించినవారు అనుభవం లేనివారేమీ కారు. మొక్క వేరూనుకోవడానికి దాని కాలం దానికి కావాలి, ప్రారంభోత్సవానికేమో తేదీ ఉంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరలేదు. తోటపని చేసే ఎవరిని అడిగినా చెప్పే మాటే ఇది. అడిగినా ఆ మాటకు తేదీని మార్చేంత బరువు ఉండాలి, అక్కడే చాలా సంస్థల్లో చిక్కు వస్తుంది. తోటమాలి సలహా వింటారు గాని, తోటమాలికి నిర్ణయాధికారం ఇవ్వరు.

చుట్టుపక్కల జనం అంగీకారం గురించి మాట్లాడాలంటే ఆరుబయట భారీ వస్త్రాలతో కళాకృతులు నిలిపిన క్రిస్టో, జాన్-క్లోడ్ దంపతుల పేరు తప్పనిసరిగా వస్తుంది. 1976లో కాలిఫోర్నియాలో సుమారు 39 కిలోమీటర్ల పొడవున వాళ్లు కట్టిన తెల్లని నైలాను తెర కొండల మీదుగా సాగి పసిఫిక్ మహాసముద్రంలోకి దిగింది. అది నిలిచింది రెండు వారాలే. అంతకు ముందు 59 మంది పశుపాలకుల అనుమతి, 18 బహిరంగ విచారణలు, 450 పుటల పర్యావరణ నివేదిక. ఆ విచారణల్లో జరిగిన వాదోపవాదాలన్నీ తమ కళాకృతిలో భాగమేనని వాళ్లు చెప్పేవారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు మొదట కొంత అతిగా తోచింది. కాని ఒక వంకర కొండవాలును గురించి ఊరంతా ఒకచోట చేరి గంటల తరబడి మాట్లాడుకోవడం, అంతకు ముందు ఎన్నడూ జరగని పనే కదా. అయితే అన్నిసార్లూ ఇలా సవ్యంగా సాగలేదు. కొలరాడోలో ఆర్కాన్సా నది మీద వస్త్రం పరిచే ప్రణాళికను అక్కడి అడవి గొర్రెలకు హాని కలుగుతుందంటూ స్థానికులు కొందరు కోర్టులో ఏళ్ల తరబడి ఎదిరించారు. కారణంగా దేశ రాజకీయాలను చెప్పి క్రిస్టో 2017లో దాన్ని విరమించుకున్నాడు. 1991లో జపాన్‌లోనూ కాలిఫోర్నియాలోనూ నిలిపిన భారీ గొడుగుల్లో ఒకటి గాలికి లేచి ఒక సందర్శకురాలి ప్రాణం తీసింది. గాలితో, నీటితో పని పెట్టుకునేవారు ఆ గాలినీ నీటినీ ఎంత జాగ్రత్తగా లెక్కగట్టాలో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఇంత శ్రమ, ఇంత డబ్బు ఎందుకు, ఆ సొమ్ముతో నేరుగా మొక్కలే నాటవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. తీసిపారేయదగిన ప్రశ్న కాదు. కళాకారుడు ఓలఫుర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రజ్ఞుడు మినిక్ రోసింగ్ కలిసి గ్రీన్‌లాండ్ తీరపు నీళ్లలో విడిపోయి తేలుతున్న మంచుగడ్డలను 2014లో కోపెన్‌హాగెన్‌కు, 2015లో వాతావరణ సదస్సు సమయంలో పారిస్‌కు, 2018లో లండన్‌కు తెప్పించి వీధిలో పెట్టినప్పుడు ఈ ప్రశ్నే మరింత ఘాటుగా వచ్చింది. వేడెక్కుతున్న భూమి గురించి చెప్పడానికి ఓడల్లో, లారీల్లో మంచు మోయించడమేమిటని అడిగారు. ఎలియాసన్ బృందం ఆ రవాణా వల్ల వెలువడిన కర్బన ఉద్గారాల లెక్క వేయించి బయటపెట్టింది. విమర్శకు అది పూర్తి జవాబు కాకపోవచ్చు గాని నిజాయితీగల జవాబు. మంచుకు చెవి ఆనిస్తే, వేల ఏళ్లుగా అందులో చిక్కుబడి ఉన్న గాలిబుడగలు పగులుతున్న చిటపట శబ్దం వినిపించేది. వాతావరణ మార్పు గురించి నివేదికలు చదివి పక్కన పెట్టేసే మనిషి, అరచేయి తిమ్మిరెక్కేదాకా ఆ గడ్డను తాకి నిలబడ్డాడు. మొక్కలు నాటడం అవసరం, అది ఎలాగూ చేయాలి. కాని నాటిన మొక్కను కాపాడుకోవాలన్న పట్టింపు జనంలో లేనప్పుడు లెక్కల్లో మొక్కలు పెరుగుతాయి, నేల మీద గుంటలు మిగులుతాయి. ఆ పట్టింపును కలిగించగల సాధనాల్లో కళ ఒకటి, అన్నిటికీ మందు అని నేననను.

కాబట్టి ఇటువంటి పనులు అప్పగించే సంస్థలు, నగర పాలకులు ఒప్పందం రాసుకునే రోజునే కొన్ని విషయాలు తేల్చుకోవాలని నా మనవి. జీవశాస్త్రజ్ఞుడో, నీటి నిపుణుడో తొలి చిత్తుబొమ్మ నాటికే జట్టులో ఉండాలి, వారికి పారితోషికం ఉండాలి, కాదనే హక్కూ ఉండాలి. నిర్వహణ వ్యయాన్ని నిర్మాణ వ్యయంతో పాటే కేటాయించాలి. అది లేని ప్రతిపాదన ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి. మొక్కలున్న పని అయితే ప్రారంభ తేదీని ఋతువును బట్టి నిర్ణయించాలి గాని ముఖ్య అతిథి తీరికను బట్టి కాదు. కొద్దిరోజులకే ఉద్దేశించిన కళాకృతి అయితే విప్పేశాక ఆ సామగ్రి ఎక్కడికి పోతుందో ముందే రాసి ఉండాలి. కాలిఫోర్నియా తెర విప్పాక ఆ నైలానును, స్తంభాలను అక్కడి పశుపాలకులకే ఇచ్చేశారు.

పత్రికలను కూడా ఒకటి అడగాలనుంది. ఇన్‌స్టలేషన్ ప్రారంభమైన రోజున మీ విలేకరి వెళతారు, ఫొటో వస్తుంది, మర్నాటికి అది పాత వార్త అవుతుంది. అదే చోటికి మూడేళ్ల తరవాత మరోసారి విలేకరిని పంపండి. మొక్కలు బతికాయా, నీరు పారుతోందా, జనం అక్కడ కూర్చుంటున్నారా, దాన్ని చూసుకునే మనిషికి జీతం అందుతోందా అని కనుక్కుని రాయించండి. కళాకారుడి పేరుతో పాటు ఆ జట్టులోని మిగతావారి పేర్లూ అచ్చు వేయండి. ఆదివారం వ్యాసం రాసినవారు దీనికి పూనుకుంటే బాగుంటుంది. వారికి ఆ కళాకృతులన్నీ తెలుసు కనుక మళ్లీ మొదటి నుంచి వెతుక్కునే శ్రమ ఉండదు.

భవదీయుడు,
మీ పాఠకుడు